ముక్కతో పాటు వెళ్ళే చీటీ

చర్మం మీద మొలిచిన గడ్డ ఏమిటో తేల్చేది ఎవరు? రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేలితో తడిమి చూసే డాక్టరా, రోగి ముఖం ఎన్నడూ చూడకుండా గాజు పలక మీద రంగు పట్టించిన పల్చటి పొరను చూసే డాక్టరా? వైద్యంలో ఇది పాత తగువే. దాన్ని ఇక్కడ ఒక వదినకూ మరిదికీ మధ్య పెట్టాను. మరిది చర్మవైద్యుడు, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయానికి దగ్గర్లో క్లినిక్. వదిన పాథాలజిస్టు, నారాయణగూడలో ఐపీఎం దాటాక ల్యాబు. మధ్య దూరం ఒక్క మెట్రో స్టేషను. ఫార్మలిన్ సీసాలు సాయంత్రం పూట ఒక కుర్రాడి బండి మీద ఇటు నుంచి అటు వెళ్తాయి, వాటితో పాటు ఒక్కో కాగితమూ వెళ్తుంది. ఇద్దరూ నేను కల్పించిన మనుషులు. వాళ్ళ నోట వచ్చే వైద్యంలో మాత్రం కల్పన లేదు. నా మొగ్గు ముందే చెప్పేస్తాను: డాక్టరు కన్ను గురించీ మైక్రోస్కోపు గురించీ కన్నా నాకు ఆ కాగితం గురించే ఎక్కువ దిగులు.

వదిన: ఈ వారం నువ్వు పంపిన సీసాలతో వచ్చిన ఫారాల్లో ఏం రాశావో గుర్తుందా? పేరు, వయసు, ‘చర్మం ముక్క’, కింద నీ సంతకం. చర్మం ముక్క అని నాకు తెలియదా? ఎక్కడి చర్మం, ఎన్నాళ్ళ గడ్డ, ఎలా పెరిగింది, నువ్వేమనుకుంటున్నావు? ఒక్క మాట లేదు.

మరిది: సాయంత్రం ఆరు దాటితే అశోక్‌నగర్ హాస్టళ్ళ పిల్లలు మెట్ల దాకా నిలబడి ఉంటారు, వదినా. తామర, మొటిమలు, జుట్టు ఊడటం. వాళ్ళ మధ్యలో ఎప్పుడో ఒక బయాప్సీ. అనుమానం ఉంటేనే పంపుతాను. అనుమానం లేనివాటికి నా కన్ను చాలు.

వదిన: ఆ లేనివాటి గురించే అడుగుతున్నాను. కాటరీతో కాల్చి, దూదితో తుడిచి బుట్టలో వేసేస్తావే, వాటి సంగతేంటి?

మరిది: అవి పులిపిర్లు. మన రంగు వాళ్ళకు వయసు వస్తున్నకొద్దీ బుగ్గల మీద, మెడ మీద చిన్న చిన్న నల్లటి బుడిపెలు లేస్తాయి. డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా. పెద్దవాళ్ళ వీపు మీద వచ్చే సెబొరిక్ కెరటోసిస్ కూడా ఆ కుటుంబమే. పైనుంచి తెచ్చి అతికించినట్టు ఉంటుంది, తడిమితే మైనం పూసిన గరుకు, డెర్మోస్కోపు పెడితే తెల్లటి చుక్కలు, పొలుసు నిండిన నల్లటి రంధ్రాలు. ఇందులో తేల్చుకోవడానికి ఏముంది? బుడిపెకో సీసా పంపితే బిల్లు ఎవరు కడతారు? గ్రూప్స్‌కు చదువుతూ మెస్‌లో నెలవారీ కట్టి తినే పిల్లవాడా?

వదిన: బుగ్గల మీద ఒకే తీరున ఉన్న ఇరవై బుడిపెల్ని పంపమని నేననను. వాటి మధ్య ఒకటి వేరేగా ఉంటే దాన్ని కూడా ఆ ఊపులో కాల్చేస్తావేమోనని నా భయం. బేసల్ సెల్ కాన్సర్ పుస్తకాల్లో ఎలా ఉంటుంది? గులాబి రంగు, ముత్యం మెరుపు, మీద సన్నటి ఎర్రటి రక్తనాళాలు. ఆ బొమ్మలు తెల్లవాళ్ళవి. మన ముఖాల మీద అది చాలాసార్లు నల్లగా ఉంటుంది. రోగి ‘పుట్టుమచ్చ పెరిగింది’ అంటాడు, నువ్వు ‘కెరటోసిస్’ అంటావు. 1827లో డబ్లిన్‌లో ఆర్థర్ జేకబ్ ఆ జబ్బును వర్ణించినప్పుడు ఆయన చూసినవి కనురెప్పల్నీ ముఖాన్నీ మెల్లగా కొరుక్కుతినే పుండ్లు. అంత ముదిరాక ఎవరైనా చెబుతారు. నాలుగు మిల్లీమీటర్ల దశలో చెప్పాలి.

మరిది: ఆ దశలో కూడా చెబుతాను. డెర్మోస్కోపులో నీలి బూడిద రంగు ముద్దలు, ఆకు ఆకారంలో అంచులు కనిపిస్తాయి.

వదిన: చెప్పు, చెప్పాక ముక్క కూడా పంపు. సరే, కనురెప్ప తీసుకుందాం. మన ఊళ్ళోనే, బంజారాహిల్స్‌లో, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు కనురెప్ప కాన్సర్ వచ్చిన 536 మంది వివరాలు ప్రచురించారు. తెల్లవాళ్ళ దేశాల్లో కనురెప్ప కాన్సర్లు నూటిలో ఎనభై తొంభై బేసల్ సెల్‌వే. ఇక్కడ అది పావువంతు దగ్గర ఆగింది. సగానికి పైగా సెబేషియస్ గ్రంథి కాన్సర్లు. మనం చదువుకున్న పుస్తకం మన రోగులను చూసి రాసింది కాదని ఇంతకన్నా ఎలా చెప్పాలి? ఆ కాన్సర్ మొదట్లో కంటికురుపులాగే ఉంటుంది. రెప్పలో నొప్పి లేని గట్టి గడ్డ. కాపడం పెట్టమంటారు, తగ్గకపోతే కోసి గోకేస్తారు. కొన్నాళ్ళకు అదే చోట మళ్ళీ లేస్తుంది. మళ్ళీ గోకి పారేస్తారు. మొదటిసారి కాకపోయినా రెండోసారైనా ఆ గోకినదాన్ని సీసాలో వేసి ఉంటే చాలామందికి కన్ను దక్కేది.

మరిది: అది కంటి డాక్టర్ల పని.

వదిన: ‘రెప్ప మీద పులిపిరి’ అని నీ దగ్గరికి రారా?

మరిది: వస్తారు, కాదనను. మరి స్లైడు మీద మీకు ఆ జబ్బు తేలిగ్గా తెలుస్తుందా?

వదిన: తెలియదు. ఆ కణాల లోపల కొవ్వు బిందువులు ఉంటాయి, అవే దాని గుర్తు. మా ల్యాబులో ముక్క ఫార్మలిన్ నుంచి స్పిరిట్‌లోకి, స్పిరిట్ నుంచి జైలీన్‌లోకి, చివరికి కరిగిన మైనంలోకి పోతుంది. ఆ మైనం దిమ్మను మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోసి రంగు వేస్తాం. స్పిరిటూ జైలీనూ దారిలోనే కొవ్వును కరిగించేస్తాయి. స్లైడు మీదకు వచ్చేసరికి కొవ్వున్న చోట ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలను పట్టించుకోక స్క్వేమస్ సెల్ అనో బేసల్ సెల్ అనో రాసిన రిపోర్టులు ఉన్నాయి. కొవ్వును కొవ్వుగా చూడాలంటే ముక్కను స్పిరిట్‌లో వేయకముందే కొంచెం పక్కన పెట్టి, గడ్డకట్టించి కోసి, ఆయిల్ రెడ్ ఓ అనే రంగు వేయాలి. పక్కన పెట్టాలని నాకెలా తెలియాలి? ‘కనురెప్ప, రెండోసారి లేచింది, సెబేషియస్ అనుమానం’ అని నువ్వు రాస్తే తెలుస్తుంది.

మరిది: ఇప్పుడు అడిపోఫిలిన్ పరీక్ష ఉందిగా. మైనం దిమ్మ మీద కూడా చేయొచ్చు.

వదిన: ఉంది. అన్ని ల్యాబుల్లో లేదు, చేయించాలంటే డబ్బు. రోగి జేబు గురించి ఇందాకే మాట్లాడావు.

మరిది: సరే వదినా. కానీ మీరు చెప్పినదాన్ని మీ మీదికే తిప్పుతాను. నేను రాయకపోతే మీ స్లైడుకు కళ్ళు లేవని మీరే అంటున్నారు. మరి మీ పద్ధతేమిటి? ముందు స్లైడు చూస్తారు, తర్వాత ఫారం తిరగేస్తారు. నేను రాసి ఏం లాభం?

వదిన: ఫారం రెండు చోట్ల పనికొస్తుంది. ముక్కను సీసాలోంచి తీసి కోసే బల్ల దగ్గర దాన్ని ముందే చదవాలి, అక్కడ చదవకపోతే ఆ కొవ్వు లాంటివి పోతాయి. మైక్రోస్కోపు దగ్గర మాత్రం కావాలనే కాసేపు పక్కన పెడతాను. అమెరికాలో బెర్నార్డ్ ఆకర్మన్ ఒక తరం మొత్తానికి నేర్పిన పాఠం ఉంది: మొదట తక్కువ పవర్‌లో గడ్డ మొత్తం ఆకారం చూడు. రెండు పక్కలా సమంగా ఉందా, అంచు నున్నగా తెగిందా, కిందికి ఎలా దిగింది? ఆ తర్వాతే కణాల దగ్గరికి పో. నువ్వు ‘మెలనోమా?’ అని రాసింది ముందే చదివితే మామూలు నల్లకణం కూడా నాకు అనుమానంగా కనిపిస్తుంది. ‘పులిపిరి’ అని రాసింది చదివితే అందులో ఒక మూల ఉన్న కాన్సర్ మీదుగా నా చూపు జారిపోతుంది. ముందు నా చూపు, తర్వాత నీ మాట, ఆ తర్వాత మళ్ళీ స్లైడు. రెండూ కలవకపోతే దిమ్మను ఇంకా లోతుకు కోయిస్తాను, నీకు ఫోన్ చేస్తాను.

మరిది: నాకు ఇది నచ్చదు. నా మాటతోనే మొదలుపెట్టాలంటాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న కణాలు చూశాడు. ఆ రేణువులకు అర్థం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ దోమ నాలుగు రోజుల ముందు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిందని ఆయనకు తెలుసు. ఏ జాతి దోమ, ఎవరిని కుట్టింది, ఎన్నాళ్ళైంది, అన్నీ లెక్కగా ఉన్నాయి. ఆ లెక్క తెలియని వాడికి అదే కటకం కింద అదే దోమను పెట్టండి. ఏవో చుక్కలు అని లేచిపోతాడు.

వదిన: నిజమే. రాస్ ఆ లెక్క రాసిపెట్టుకున్నాడు. నువ్వు రాయడం లేదు. ఈ తగువు మొదలైందే అక్కడ.

ఇక్కడ నేనొక మాట కలపాలి. ఈ ఇద్దరి దగ్గరికీ రాకముందే మన ఇళ్ళలో సగం వైద్యం అయిపోతుంది. పులిపిరికి సున్నమూ చాకలి సోడా కలిపి పెడతారు. తొడిమలా వేలాడేదానికి గుర్రపు వెంట్రుక బిగించి కడతారు, అది ఎండి రాలిపోతుంది. బ్యూటీ పార్లర్లలో మచ్చలు కాలుస్తారు. రాలినదాన్నీ కాల్చినదాన్నీ ఎవరూ చూడరు. వదిన కోపం మరిది మీద కనిపిస్తోంది గానీ, నిజానికి దానికి తగినవాళ్ళు చాలామంది ఉన్నారు.

మరిది: ఇకనుంచి రాస్తాను, మాట. కానీ స్లైడు వల్ల జరిగే చేటు గురించి కూడా మాట్లాడాలి. పాదం పైన ఏళ్ళ తరబడి పెరిగిన గరుకు దద్దు. చెప్పుల్లేకుండా చెలకల్లో, మళ్ళల్లో తిరిగిన మనిషి. ఎవరో పైపైన గీరి ముక్క పంపారు. స్క్వేమస్ సెల్ కాన్సర్ అని రిపోర్టు వచ్చింది. కాలు తీసేద్దామన్న మాట దాకా పోయింది. తీరా అది బూజు, క్రోమోబ్లాస్టోమైకోసిస్. ముల్లు గుచ్చుకున్నప్పుడు మట్టిలోని నల్లబూజు లోపలికి పోయి, ఏళ్ళు పట్టి పెరిగింది. మందుతో లొంగే జబ్బుకు కాలు పోయేది.

వదిన: అలా జరుగుతుంది. లోపల బూజు ఉంటే పైచర్మం అడ్డదిడ్డంగా పెరిగి కిందికి వేళ్ళు దించుతుంది. సూడోఎపిథీలియోమాటస్ హైపర్‌ప్లేసియా అంటాం. పైపై ముక్కలో ఆ వేళ్ళు తప్ప ఇంకేమీ ఉండదు, అచ్చం కాన్సర్ లోపలికి చొచ్చుకుపోతున్నట్టే ఉంటుంది. అడుగు దాకా తీసిన ముక్క అయితే వాటి కింద చిన్న చిన్న చీముగూళ్ళు, ఆ గూళ్ళలో గోధుమరంగు గుండ్రటి కణాలు, నడుమ అడ్డగీతలు కనిపిస్తాయి. రాగి నాణేలు అని పుస్తకాల్లో పిలుస్తారు. మామూలు హెచ్ అండ్ ఇ రంగులోనే తెలుస్తాయి, వెతకాలన్న బుద్ధి పుడితే. ‘రైతు, పాదం, ఎనిమిదేళ్ళు, గజ్జల్లో బిళ్ళల్లేవు’ అని ఫారంలో ఉంటే ఆ బుద్ధి పుడుతుంది.

మరిది: ఏళ్ళనాటిదంటే మంచిదే అనుకోవాలా?

వదిన: అలా అనుకోవద్దు. పాత కాలిన మచ్చలో, ఏళ్ళుగా మానని కుష్ఠు పుండులో స్క్వేమస్ సెల్ కాన్సర్ పుడుతుంది. మార్జొలిన్ పుండు అంటాం. బూజు పట్టిన ఆ పాదంలో కూడా చాలా ఏళ్ళ తర్వాత నిజంగానే కాన్సర్ రావచ్చు. ‘ఎన్నాళ్ళుగా’ అన్నదొక్కటే సరిపోదు. అన్నాళ్ళూ ఒకే తీరుగా ఉండి ఈ మధ్యే మారిందా అని అడగాలి. మెల్లగా పెరిగిందా, ఆరు వారాల్లో లేచిందా? కెరటోఅకాంథోమా వారాల్లోనే గిన్నెలా లేచి నడిమధ్య గట్టి పొలుసు నింపుకుంటుంది, చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. నువ్వు ఆ మధ్యలోంచి ఒక గోరంత గీరి పంపితే నాకు దొరికేది ఉత్త పొలుసు. అంచు నుంచి అంచు దాకా, అడుగుతో సహా రావాలి. వచ్చినా తగువు తీరదనుకో. అది స్క్వేమస్ సెల్ కాన్సర్‌లోనే ఒక రకమని ఆకర్మన్ చివరిదాకా వాదించాడు.

మరిది: కుష్ఠు అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. అదే గడ్డ వేషంలో వస్తుంది.

వదిన: హిస్టాయిడ్ కుష్ఠు. 1963లో వేడ్ వర్ణించాడు. నున్నగా మెరిసే గట్టి బుడిపెలు, చుట్టూ చర్మం చూస్తే మామూలే. స్లైడు మీద కదురు ఆకారపు కణాలు సుడులు తిరిగి ఉంటాయి. డెర్మటోఫైబ్రోమా అని రాసేసి ఇంటికి పోవచ్చు. ఫైట్ రంగు వేస్తే అవే కణాల్లో కుష్ఠు క్రిములు కిక్కిరిసి కనిపిస్తాయి. కుష్ఠు ఇక ప్రజారోగ్య సమస్య కాదని మన దేశం 2005 చివర్లో ప్రకటించింది. ఆ తర్వాత చదువుకు వచ్చిన పిల్లలకు ఆ అనుమానమే తట్టదు.

మరిది: తట్టేది నాకు. చెవి తమ్మె మందంగా ఉందా, కనుబొమ్మ చివర్లు రాలాయా, మోచేతి దగ్గర నరం తాడులా తగులుతోందా? డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ ఆసుపత్రి పెట్టిన రోజుల నుంచీ ఈ గడ్డ మీద డాక్టర్లు ఆ జబ్బును చూపుతో, వేలితో పట్టారు. నరాన్ని తడమడానికి మీ దగ్గర ఏ కటకం ఉంది?

వదిన: లేదు. ఆ వేలికి తగిలింది ఫారంలో రాయి, ఫైట్ రంగు నేను వేయిస్తాను.

మరిది: ఇప్పుడు అసలు కేసు. కోచింగ్‌కు వచ్చిన అబ్బాయి ఊరి నుంచి తండ్రిని తీసుకొచ్చాడు. అరికాలిలో, మడమ దగ్గర నల్లటి మచ్చ, నడుమ తడి. ఊళ్ళో ఆనెకాయ అన్నారు. మందుల షాపులో కార్న్ క్యాప్ ఇచ్చారు, నెలల పాటు అతికించుకున్నాడు. ఎవరో నల్లజీడి పెట్టారు. జీడి కాల్చిన నలుపూ లోపలి నలుపూ కలిసిపోయాయి.

వదిన: మనవాళ్ళకు మెలనోమా అరుదు. అరుదు కాబట్టే ఎవరూ అనుకోరు. వచ్చినప్పుడు అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద ఎక్కువగా వస్తుంది. ఎండ తగలని చోట్లు. 1976లో రిచర్డ్ రీడ్ దీనికి అక్రల్ లెంటిజినస్ అని పేరు పెట్టాడు. బాబ్ మార్లీ కాలి బొటనవేలికి వచ్చింది ఇదే. ఫుట్‌బాల్ ఆడినప్పుడు తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో తేలింది, 1981లో 36 ఏళ్ళకే పోయాడు.

మరిది: ఇక్కడ నా డెర్మోస్కోపుకు సాటి లేదంటాను. వేలిముద్రల్లో ఉన్నట్టే అరికాలిలో గట్లూ చాళ్ళూ ఉంటాయి. మామూలు మచ్చలో రంగు చాళ్ళ వెంట పోతుంది. మెలనోమాలో గట్ల మీద పరుచుకుంటుంది. జపాన్‌లో తొషియాకి సాయిదా బృందం దీన్ని నిలబెట్టింది. అక్కడ అరికాలి మెలనోమాయే పెద్ద సమస్య కాబట్టి వాళ్ళు వెతికారు. కోత లేకుండా, నొప్పి లేకుండా, చిన్నప్పుడే పట్టేయొచ్చు.

వదిన: నల్లటి అరికాళ్ళలో ఏ జబ్బూ లేకుండానే గట్ల మీద రంగు ఉండొచ్చు.

మరిది: అందుకే రెండో కాలు కూడా చూస్తాను. రెండు కాళ్ళకూ ఒకే తీరుగా ఉంటే ఒంటి రంగు. ఒక్క చోటే, రంగులు కలగాపులగంగా, అంచులు చెదిరి ఉంటే ఆగను. ఇతనికి ఆగలేదు. అంచు దగ్గర నాలుగు మిల్లీమీటర్ల పంచ్ తీశాను.

వదిన: అంచు దగ్గరే ఎందుకు?

మరిది: మధ్యలో పుండు పడింది. కుళ్ళిన చోట తీస్తే మీకు ఏం తెలుస్తుంది?

వదిన: అంచులో తీస్తే మొత్తం తెలియదు. మచ్చ చిన్నదైతే ఒకటి రెండు మిల్లీమీటర్ల మామూలు చర్మంతో సహా అంతా తీసి పంపాలి. పెద్దదైతే, అంతా తీయలేకపోతే, అన్నిటికన్నా మందంగా గట్టిగా ఉన్న చోట తీయాలి. అంచులో కొన్ని కణాలు అక్కడక్కడా ఉంటాయి, నేను ‘ఖాయంగా చెప్పలేను’ అని రాస్తాను, రోగి నెల పోగొట్టుకుంటాడు. ఇంకోటి, మెలనోమాలో మనిషి భవిష్యత్తు చాలావరకు లోతు మీద ఉంటుంది. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో చూపించాడు: కటకంలో అమర్చిన కొలబద్దతో, పైచర్మంలోని గింజల పొర నుంచి అన్నిటికన్నా లోతుకు దిగిన కణం దాకా మిల్లీమీటర్లలో కొలవాలి. ఒక మిల్లీమీటరు లోపు ఒక కథ, నాలుగు దాటితే ఇంకో కథ. ఎంత వెడల్పు కోయాలి, గజ్జల్లో బిళ్ళ తీసి చూడాలా, అన్నీ ఆ అంకె చుట్టూనే. పైపైన గీరినా, కాటరీతో కాల్చినా ఆ అంకె మళ్ళీ దొరకదు.

మరిది: మళ్ళీ తీస్తాను. ఇంకేం కావాలి?

వదిన: అరికాలని పెద్ద అక్షరాలతో రాయి. వీపు మీది మచ్చలో నల్లకణాలు పైపొరల్లోకి ఎగబాకితే నాకు భయం వేస్తుంది. అరికాలి మామూలు మచ్చలో కూడా అవి కొంత ఎగబాకుతాయి. చోటు తెలియకపోతే లేనిపోని కాన్సర్ అంటగడతాను. ముక్క మీద గట్లు ఏ దిక్కున పోతున్నాయో దారంతో గుర్తు పెట్టు. మా వాళ్ళు ఆ గట్లకు అడ్డంగా కోయాలి. గట్ల వెంట కోస్తే కణాలు అక్రమంగా ఉన్నట్టు కనిపించి మోసం చేస్తాయి. తేలగానే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే కాన్సర్ ఆసుపత్రికి పంపు. 1955 నుంచీ డబ్బులేని వాళ్ళకు అదే దిక్కు. చేతిలో కాగితాలు సరిగ్గా ఉంటే అక్కడ మొదటి నుంచీ మొదలుపెట్టక్కర్లేదు.

మరిది: ఇన్ని చెబుతున్నారు గానీ, స్లైడు ఒక్కటే చూసి మీరు చేతులెత్తేసే గడ్డలు కూడా ఉన్నాయి కదా.

వదిన: ఎన్నో. 1948లో సోఫీ స్పిట్జ్ న్యూయార్క్‌లో పిల్లల మెలనోమాలని 13 కేసులు ప్రచురించింది. కణాలు చూస్తే పెద్దవాళ్ళ మెలనోమాకు తీసిపోవు. పిల్లల్లో మాత్రం ఒక్కరు తప్ప అందరూ బతికారు. అవి చాలావరకు మామూలు మచ్చలని తర్వాత తేలింది, ఇప్పుడు ఆమె పేరుతోనే స్పిట్జ్ మచ్చలంటాం. ఆ పిల్లల వయసు, వాళ్ళు తర్వాత ఏమయ్యారన్నది లేకపోతే ఆ సంగతి ఏ కటకమూ చెప్పేది కాదు. ముక్కు పక్కన బుడిపె వస్తుంది. బేసల్ సెల్ కాన్సరా, ట్రైకోఎపిథీలియోమా అనే వెంట్రుక కుదురు గడ్డా? గోరంత ముక్కలో రెండూ ఒకేలా ఉంటాయి. ‘పద్నాలుగేళ్ళప్పటి నుంచి చాలా ఉన్నాయి, తల్లికీ ఉన్నాయి’ అని రాస్తే నా పని సగం అయిపోతుంది. ఎనిమిదేళ్ళ పిల్లవాడి పెదవి మీద స్క్వేమస్ సెల్ కాన్సర్ వచ్చిందనుకో. స్లైడు కాన్సర్ అంటుంది, అంతవరకే. ఒళ్ళంతా నల్లటి చుక్కలా, ఎండలో కళ్ళు తెరవలేడా, తల్లిదండ్రులది మేనరికమా? ఇవి అడిగేవాడు నువ్వు. అది జీరోడెర్మా పిగ్మెంటోసమ్. ఎండ వల్ల డీఎన్ఏకు తగిలే దెబ్బను ఆ ఒళ్ళు మరమ్మతు చేసుకోలేదని 1968లో జేమ్స్ క్లీవర్ కనిపెట్టాడు. ఆ పిల్లవాడి చెల్లెలికి ఇంకా ఏ గడ్డా రాకపోవచ్చు. ఆమెను ఇప్పటి నుంచే ఎండ నుంచి కాపాడాలి. నా రిపోర్టులో ఆ చెల్లెలు ఉండదు.

మరిది: ఇంతా అయ్యాక కూడా బుగ్గల మీది పులిపిర్లు మీకు పంపను.

వదిన: పంపకు. ఫోటో తీసి పెట్టుకో. అందులో ఒకటి తేడాగా ఉంటే కాల్చకు, కోసి పంపు. నేను కూడా నీ ఫారం మైక్రోస్కోపు దగ్గర రెండోసారే చదువుతాను, దానికి నన్ను మార్చలేవు.

మరిది: మార్చను. ఈ అరికాలి ఫారం చూడండి, ఇప్పుడే నింపాను. వయసు 58, రైతు, ఎడమ మడమ, ఆనెకాయ మందు, జీడి, మధ్యలో పుండు, గజ్జల్లో బిళ్ళ ఒకటి తగులుతోంది, మెలనోమా అనుమానం.

వదిన: ‘ఎన్నాళ్ళుగా’ దగ్గర ఖాళీ వదిలేశావు.

మరిది: అడిగాను. గుర్తు లేదంటాడు.

వదిన: అరికాలు తనకి తాను ఎవరు చూసుకుంటారు? ఊళ్ళో ఉన్న వాళ్ళావిడకు ఫోన్ చేయించు. కార్న్ క్యాప్ ఎప్పుడు కొన్నారో ఆవిడకు గుర్తుంటుంది.

మరిది: ఒక్క నిమిషం... అబ్బాయి చేశాడు. పోయిన సంక్రాంతికి కాళ్ళకు పసుపు రాస్తుంటే చూసిందట, అప్పుడు బియ్యపు గింజంత ఉందట. దసరాకు రూపాయి బిళ్ళంత అయింది, ఆ తర్వాతే చెమ్మ మొదలైంది.

వదిన: ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాయి. ఇప్పుడెంతుందో కళ్ళతో అంచనా వేయకుండా స్కేలు పెట్టి కొలిచి రాయి. కుర్రాణ్ణి కాసేపు ఆపు, కొత్త ముక్క కూడా ఈ బండి మీదే రానీ.